బొమ్మ వెనుక మాట

మా అక్క ఆ పేజీని మొదటిసారి తెరిచినప్పుడు, రాతను చదివి వినిపించే కంప్యూటర్ ఆమెకు చెప్పింది ఒకటే మాట, "ఇమేజ్". బాణం గుర్తు మీట నొక్కితే మళ్లీ "ఇమేజ్". ఇంకోసారి నొక్కినా అదే. అది నేను కట్టిన చీరల వెబ్‌సైట్. సూరత్ రింగ్ రోడ్డు మీద ఏ బట్టల మార్కెట్‌కూ ఇంత అందమైనది లేదని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను అప్పట్లో. పైన వెలిగి ఆరే దీపాలు, అడ్డంగా పాకుతూ పోయే స్వాగతం అక్షరాలు, పేజీ తెరవగానే షెహనాయి. ఆ షెహనాయి మోతలో కంప్యూటర్ గొంతు సగం మునిగిపోతుంటే అక్క చెవులు రిక్కించి కూర్చుంది.

"ఏందే, దీని నోట్ల ఇంకో ముచ్చట లేదా?" అంది.

నాకు చురుక్కుమంది. కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు, అబద్ధం కాదు. "అవి చీరల ఫోటోలక్కా. ఫోటోను అదేం చదువుతది?" అన్నాను.

"గట్లయితే చీరలు కొనే దుకాణపోళ్లకు ఫోన్ల నేనేం చెప్పాలె? సేటూ, నా దగ్గర ఒక ఇమేజ్ ఉంది, దాని పక్కన ఇంకో ఇమేజ్ ఉంది, ఏది పంపమంటరు అనాల్నా?"

నవ్వుతూనే అంది. కానీ ఆమె వేళ్లు మీటల మీద నుంచి దిగి ఒళ్లోకి వెళ్లిపోయాయి. అది చూసి నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఇది తొంభైల చివరి మాట. మాది కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబం. అక్కడ గోడాదరా బస్తీలో ఉండేవాళ్లం. బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని, చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. ఆ చీరలను మడత పెట్టడం అక్క పని. అక్క మడతపెట్టిన చీర అంచుకు అంచు కలిసి ఉండేది, నేను పెట్టింది పిల్లి పడుకుని లేచినట్టు ఉండేది. నేను కంప్యూటర్ క్లాసుకు పోయి, రింగ్ రోడ్డులో వెబ్‌సైట్లు కట్టే ఒక చిన్న ఆఫీసులో చేరాను. వెబ్‌సైట్ అంటే ఏమిటో మా బాపుకు చెప్పడానికి నాకు ఒక పండుగ సెలవంతా పట్టింది. చివరికి "ఎవలైనా ఎక్కడినుంచైనా చూసే దుకాణం అద్దం" అంటే సరేనన్నాడు.

అక్కకు చూపు పోయింది ఊళ్లో ఉన్నప్పుడే, నాలుగో తరగతిలో, ఏదో జ్వరం వచ్చి. సూరత్ వచ్చాక అంధుల పాఠశాలలో చదువుకుంది. అక్కడ ఎవరో దానమిచ్చిన కంప్యూటర్ ఒకటి ఉండేది. తెర మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలను అది గట్టిగా చదివి వినిపించేది. అక్క దాని మీద ప్రాణం పెట్టేసింది. మనుషులు చదివి పెట్టాలంటే వాళ్ల తీరిక చూసుకోవాలి, దీనికి ఆ గొడవ లేదు అనేది.

మా ఆఫీసుకు వెబ్‌సైట్ పని ఇచ్చిన చీరల సేఠ్ దగ్గర, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ దుకాణాల ఫోన్లు చూసుకునే తెలుగు మనిషి ఒకడు ఉండేవాడు. కొత్త చీరల ఆల్బమ్ ముందేసుకుని, ఏ చీర ఎలా ఉందో ఫోన్లో వర్ణించి చెప్పడమే అతని పని. అతను సొంత వ్యాపారం పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మాట చెవిన పడగానే నా నోరు ఊరుకోలేదు. మా అక్కకు తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చు, ఆ కుర్చీ ఆమెకివ్వండి అన్నాను. ఆమెకు చూపు లేదని, ఆల్బమ్‌కు బదులు మాట్లాడే కంప్యూటర్‌లో మా వెబ్‌సైట్ విని చెబుతుందని కూడా చెప్పాను.

సేఠ్ ముందున్న లెక్కల పుస్తకం మూసి నా వైపు తిరిగాడు. పెద్దాయన, మాట నెమ్మది, పట్టు మాత్రం గట్టిది. తర్వాత హిందీలో అన్న మాటలు ఇవి. "బేటీ, నాకు జాలి చూపించే తీరిక లేదు, అవమానించే మనసూ లేదు. ఫోన్లో రంగు ఒకటి చెప్పి, అక్కడ పెట్టె విప్పితే ఇంకోటి కనిపిస్తే సరుకు వాపసు వస్తుంది, గిరాకీ పోతుంది. ఊరి చివర భేస్తాన్ నుంచి ఒక తెలుగు కుర్రాడు అడుగుతున్నాడు, వాడికి కళ్లున్నాయి. సీజన్ మొదలయ్యే సోమవారం వరంగల్ పార్టీ ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ మీ అక్క మాట్లాడనీ. రంగు తప్పకపోతే కుర్చీ ఆమెది."

రంగు. అసలు అక్క భయమంతా అక్కడే ఉంది. చూపు పోయేనాటికి చూసిన రంగులే ఆమె దగ్గరున్నవి. కొత్తవి చేరే దారి లేదు. పాతవి అలాగే ఉన్నాయో, తెలియకుండానే మారిపోయాయో చూసుకోవడానికీ దారి లేదు. "నాకు పసుపంటే గుర్తుకొచ్చేది పసుపో కాదో ఎవలు చెప్పాలె?" అని ఒకసారి అంది. నిజంగానే ఎవరు చెప్పగలరు?

ముందు నేను చేసింది అందరూ చేసే పనే. అక్క కోసం బొమ్మలు లేని వేరే పేజీ ఒకటి చేశాను. తెల్లగా, బోడిగా, ఉట్టి అక్షరాలు. అక్క విన్నది.

"మరి నీ దీపాలు, షెహనాయి?"

"అవి మామూలు పేజీల ఉన్నయి. ఇది నీకు వేరేగ చేసిన."

"నాకు వేరే గిన్నె పెట్టినవన్నట్టు." గొంతు పెంచలేదు. "రేపు సేఠ్ ఒక చీర అయిపోయిందని మంచి పేజీలకెల్లి తీసేస్తడు. నా గిన్నెల అది అట్లనే ఉంటది. నేను లేని చీర అమ్ముత. అందరు తినేదాంట్లనే నాకూ పెట్టు చెల్లే."

ఆమె మాట నిజం. ఒక్కటే పేజీ ఉండాలి, దాన్ని కళ్లున్నవాళ్లు చూడాలి, లేనివాళ్లు వినాలి. పైగా అందం తగ్గకూడదు. ఆ చివరి పట్టుదల నాది. గుడ్డివాళ్లకు పనికొచ్చే పేజీ చావు కబురు కాగితంలా ఉండాలని ఎక్కడుంది? ఆ మాట ఆఫీసులో గట్టిగా అని, పక్కవాళ్లు తిరిగి చూస్తే ఇంకా గట్టిగా అన్నాను.

నెట్‌లో వెతికాను. వికలాంగులకు వీలుగా పేజీలు ఎలా కట్టాలో రాసిపెట్టిన మహానుభావులు ఎక్కడో దూరదేశంలో ఉన్నారు. మోడెం కీచుమంటూ ఒక్కో పేజీ తెచ్చేలోపు నేను గోళ్లు కొరుక్కునేదాన్ని. అందులో ఒక మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ప్రతి బొమ్మ వెనుకా ఒక మాట రాసి దాచవచ్చట. కళ్లున్నవాళ్లకు బొమ్మే కనబడుతుంది. మాట్లాడే కంప్యూటర్ మాత్రం ఆ మాటను చదువుతుంది. ఇంత సులువైన సంగతి నాకు క్లాసులో ఒక్కరైనా చెప్పలేదే అని ముందు ఒళ్లు మండింది, తర్వాత గాల్లో తేలినట్టయింది.

షెహనాయిని ఒక బటన్ కిందికి తోశాను. కావలసినవాళ్లు నొక్కుకుంటారు. దీపాల బొమ్మల వెనుక ఉత్త ఖాళీ పెడితే కంప్యూటర్ వాటిని దాటుకుని పోయింది. ముదురెరుపు నేల మీద ఎర్ర అక్షరాలు పెట్టి ఇన్నాళ్లూ మురిసిపోయాను, అవి మార్చాను. మార్చాక నాకే హాయిగా కనబడ్డాయి. అంధుల పాఠశాల టీచరు ఆ మాట్లాడే సాఫ్ట్‌వేర్ నమూనా కాపీ ఇప్పించింది. నమూనా కాబట్టి కాసేపటికోసారి అది నోరు మూసుకునేది. కంప్యూటర్ మొత్తం ఆపి మళ్లీ వేస్తేనే మాట్లాడేది. అలిగిన మేనత్త అని పేరు పెట్టాం దానికి.

ఇక మాటలు రాయాలి. చీర గురించి రాయాలంటే మా ఇంట్లో పెద్ద తలకాయ బాపే కదా. ఆదివారం కూర్చోబెట్టి అడిగాను. బాపు చీరను వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి, వెనక్కి తిప్పి, ఎంతో గౌరవంగా చెప్పాడు. పడుగు ఏ నూలు, పేక ఏ నూలు, అంగుళానికి ఎన్ని పోగులు, అంచు డిజైను నేసే జకార్డు మీద ఎన్ని కొక్కేలు. నేను అక్షరం పొల్లుపోకుండా రాసి పేజీలో ఎక్కించాను. మా ఇంటి విద్య మొత్తం ఒక వెబ్‌సైట్‌లోకి ఎక్కినందుకు నాకూ బాపుకూ ఛాతీ ఉప్పొంగింది.

ఆ దాచిన మాటలను నాచేత హిందీలో చెప్పించుకుని, సేఠ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "బేటీ, ఈ మార్కెట్‌లో పొద్దున వేలాడదీసిన చీరను సాయంత్రానికి పక్కవాడు నకలు దించేస్తాడు. అందుకే మేం పల్లూ కూడా సగం మడిచి చూపిస్తాం. నువ్వు నా చీరను మగ్గానికి ఎలా ఎక్కించాలో లోకమంతటికీ చెప్పేశావు. ఇది తీసెయ్. మాటలన్నీ తీసెయ్."

ఇంటికొచ్చి చెబితే బాపు మొహం చిన్నబోయింది. అక్క మాత్రం పడి పడి నవ్వింది. "నాకు గూడ అదే సమజైంది బాపూ. నువ్వు చెప్పింది ఇని నేను ఆ చీర నేయొచ్చు. కట్టుకుంటే ఎట్లుంటదో మాత్రం తెల్వలే. నేత ఇంట్ల పుట్టినోళ్లం, చీరను ఎన్కకెల్లి చూసుడే మనకు అలవాటు. కొనేటోళ్లు ముందలకెల్లి చూస్తరు."

అక్క అమ్మనూ బాపునూ నన్నూ కూర్చోబెట్టి, పక్కవాడు నకలు దించలేని మాటలు, కొనేవాళ్లకు కళ్లకు కట్టే మాటలు కావాలంది. అవి తనే చెబుతానంది. చూసేది మేము, అడిగేది ఆమె.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు. కత్తిరించాల్సిన దారాలు పక్కన పడేసి అమ్మ, డ్యూటీ దిగి వచ్చిన బాపు, నేను, మధ్యలో నమూనా చీరల కుప్ప. ట్యూబ్‌లైట్ కింద రంగు మోసం చేస్తుందని అమ్మ చీరలను గుమ్మం దాకా మోసుకుపోయి ఎండలో చూసి వచ్చేది.

"ఇదేం రంగు?" అక్క అడిగేది.

"గులాబి," నేను.

"గులాబి గాదు, ఉల్లిగడ్డ," అమ్మ.

"ఉల్లిగడ్డ మీది పొట్టా, లోపలి పొరా?"

అమ్మ వంటింట్లోకి పోయి ఒక ఉల్లిగడ్డ తెచ్చి, ఒలిచి, చీర పక్కన పెట్టింది. "లోపలి పొరనే. పొట్టు తీసినంక వచ్చేది."

"అయితే ఉల్లిపొర రంగని రాయి. అంచు?"

"మామిడి పిందెలు, జరీవి."

"పిందెలు ఒకదాని ఎన్క ఒకటి నడుస్తున్నయా, ఎదురెదురుగా ఉన్నయా?"

ఇలా సాగేది. పసుపు చీర దగ్గర అమ్మ "తంగేడు పువ్వు" అంటే అక్క ఆ చీరను చెంపకు ఆనించుకుంది. "తంగేడు నాకు యాదికుంది. బతుకమ్మకు మేమే తెంపుకొచ్చేటోళ్లం," అని ఆగి, "యాదికున్నట్టే ఉంది," అంది. అమ్మ కత్తెర తీసుకుని లేని దారమేదో కత్తిరించింది.

గొడవంతా ఒక చీర మీద వచ్చింది. అమ్మ వంకాయ రంగంది. నేను మెరూన్ అన్నాను. బాపు, మగ్గం మనిషి కాబట్టి, పడుగు ఒక రంగు పేక ఒక రంగు అని మొదలుపెట్టబోతే ముగ్గురం అరిచి ఆపాం. అక్క చీరను ఒళ్లో వేసుకుని అడుగుతూ పోయింది. మడత లోపల నల్లగుందా? ఎండల పెడితే ఎర్ర తిరుగుతుందా, నీలం తిరుగుతుందా? తడిసినట్టుందా, ఆరినట్టుందా? మేం చెప్పినవన్నీ విని ఆఖరుకు అంది. "ఇది బచ్చలి పండు. పండు పిసికితే వేళ్లకు అంటుతది చూడు, అది."

"వంకాయనే బిడ్డా. నేను కండ్లతోని చూస్తున్న," అంది అమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది.

సూరత్‌లో పెరిగినదాన్ని, నేను బచ్చలి పండు ఎప్పుడూ చూడలేదు. ఎటూ చెప్పలేను. అక్క మొహం కొంచెం తెల్లబోయింది, కానీ మాట మార్చలేదు. "బచ్చలి పండని రాయి చెల్లే. తప్పయితే కుర్చీ భేస్తాన్ పిలగానికి పోతది, పోనీ. నా నోటికి వచ్చింది మాత్రం అదే."

రాశాను. తెలుగు అక్షరాలు నెట్‌లో పెట్టడం అప్పట్లో పెద్ద తలనొప్పి. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాటలు రాశాం. మేనత్త వాటిని అప్పుడే రైలు దిగిన తెల్లవాడిలా చదివేది. అక్కకు మాత్రం అర్థమైపోయేది. సేఠ్‌కు ఒక్కో మాటా హిందీలో చెప్పి వినిపించాను. ఉల్లిపొర, నెమలి మెడ, పచ్చి మామిడి చెక్క. వింటూ వింటూ ఆయన పెదవులు విచ్చుకున్నాయి. "దీన్ని పట్టుకుని ఏ దొంగా మగ్గం ఎక్కించలేడు. ఉంచు," అన్నాడు.

సోమవారం పొద్దున్నే అక్కను తీసుకుని మార్కెట్‌లో సేఠ్ దుకాణానికి పోయాను. ఆమె తంగేడు రంగు చీర కట్టుకుని, మేనత్త మధ్యలో అలగకుండా కంప్యూటర్‌ను ఒకసారి ఆపించి మళ్లీ వేయించుకుని, చెవికి హెడ్‌ఫోన్ ఒకవైపే తగిలించుకుని కూర్చుంది. రెండో చెవి ఫోన్‌కు. ఫోన్‌లో మాటలు తనకూ వినబడేలా సేఠ్ స్పీకర్ నొక్కాడు. ఆయనకు తెలుగు రాదు, పక్కన నిలబడి చెవిలో చెప్పడం నా పని.

ఫోన్ మోగింది. వరంగల్ దుకాణదారు. వాళ్ల వీధిలో కొత్తగా నెట్ సెంటర్ తెరిచారట, అక్కడే కూర్చుని మాట్లాడుతున్నాడు.

"అమ్మా, మీ వెబ్‌సైట్ తెరిచిన గానీ ఫోటోలు వస్తలేవు. లైన్ మస్తు స్లో ఉంది. డబ్బాలు డబ్బాలు కనబడుతున్నయి అంతే."

అక్క నిదానంగా అంది, "డబ్బాలల్ల ఏమన్న రాసుందా అన్నా?"

"ఉంది. ఉల్లిపొర రంగు, జరీ మామిడి పిందెలు ఎదురెదురుగా. ఇదేందమ్మా, ఇంగ్లీష్ల మన తెలుగు ముచ్చట రాసిండ్రు?"

అక్క వింటున్నదీ, ఆయన చూస్తున్నదీ ఒకటే మాట. అక్కకు చూపు లేక, ఆయనకు లైను లేక. ఫోటో రానిచోట దాచిన మాట దానంతటదే డబ్బాలో కనిపిస్తుందని నేను చదివాను గానీ, ఇలా కళ్ల ముందు జరుగుతుందని ఊహించలేదు. నేను సేఠ్ చొక్కా చెయ్యి పట్టుకుని గుంజాను.

అక్క మీటలు నొక్కుతూ, విన్నదాన్ని తన మాటల్లో అల్లి చెబుతూ పోయింది. ఏది పెళ్లికూతురికి, ఏది అత్తగారికి, ఏది కట్టుకుంటే నిలువుగా పడుతుంది, ఏది ఉబ్బుతుంది. ఆయన కొన్నింటికి ఆర్డర్ చెప్పేశాడు, కొన్ని వద్దన్నాడు. ఆఖరున బచ్చలి పండు దగ్గర ఆగాడు.

"ఇది ఎక్కువ తీసుకోవాలని ఉంది. పెండ్లిళ్ల సీజన్. గానీ రంగు చూడకుండ తీసుకోనమ్మా. ఇగో, దీని ఫోటో వస్తుంది. జర ఆగు."

ఆ రోజుల్లో ఫోటో ఒక్కసారి వచ్చేది కాదు. పై నుంచి కిందికి పట్టీలు పట్టీలుగా దిగేది. మేం సూరత్‌లో నిలబడి, వరంగల్‌లో ఒక చీర దిగడం వింటున్నాం.

"అంచు వచ్చింది. జరీ ఉంది, మంచిగుంది. అంచు మీద గుడి గోపురాలు... ఆఁ, ఉన్నయి, నువ్వు చెప్పినట్టే. ఇగ నడుమ రంగు వస్తుంది..."

లైన్లో గరగర. అక్క మీటల మీద నుంచి చేతులు తీసేసి బల్ల అంచు పట్టుకుంది. సేఠ్ స్పీకర్ మీదికి వంగాడు, ఆయనకు తెలుగు అక్కర్లేకుండానే అర్థమైనట్టుంది.

"అమ్మా."

"చెప్పన్నా."

"మా ఇంటెన్క బచ్చలి పందిరి ఉంది. పండ్లు పిసికి మా పిల్లలు గోడలన్నీ ఖరాబ్ చేస్తరు. గదే రంగు. అచ్చం గదే. నూరు చీరలు రాసుకో."

సేఠ్ చెవిలో చెబుదామని తిరిగాను. నా మొహం చూసే ఆయన తల ఊపి, తను కూర్చునే మెత్తటి దిండు తీసి అక్క కుర్చీలో వెనక్కి ఆనించాడు. నేను ఏడ్చేశాను, సిగ్గు లేకుండా, గిరాకీల ముందరే.

అక్క ఫోన్ పెట్టేసి హెడ్‌ఫోన్ తీసింది. జీతమెంత, రేపు ఎన్నింటికి రావాలి, ఒక్కటీ అడగలేదు. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"ఇంటికి పోంగనే అమ్మకు చెప్పాలె చెల్లే," అంది. "వంకాయ గాదు, బచ్చలి పండే అని."